కూర్చుని చెప్పిన కబురు

మొన్న బుధవారం ఎండెక్కాక సైదులు మా ఇంటికి వచ్చాడు. గేటు పక్కన బల్ల ఉంది. దాని మీద కూర్చోలేదు. నెత్తిన ఉన్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని మట్టిలో చతికిలబడ్డాడు. అతను అలా కూర్చోవడం చూడగానే ఎవరో పోయారని నాకు తెలిసిపోయింది. మా ఊరి క్వారీ పేటలో చావు కబురు తెచ్చినవాడు నిలబడి చెప్పడు. ముందు నేల మీద కూర్చుంటాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. ఇది తాతల నాటి పద్ధతి కాదు. ఏడేళ్ల కిందట మొదలైంది. ఎందుకు మొదలైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

"సోషలు మేష్టారు పోయారయ్యా," అన్నాడు సైదులు. కాస్త ఆగి, నా ముఖం చూసి, మళ్లీ అదే మాట అదే నెమ్మదితో అన్నాడు. రెండోసారి ఎందుకన్నాడో నాకు తెలుసు. తెల్లారి కాఫీ పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారట. పాలు పోసే ఆవిడ పిలిచి, పలక్కపోతే నిద్రపోతున్నారనుకుని గిన్నె పక్కనే పెట్టి వెళ్లిపోయిందట. భార్య పోయినప్పటి నుంచి ఆయన ఒంటరి. ఎండ కుర్చీ మీదికి వచ్చేదాకా ఎవరూ చూసుకోలేదు.

నేను ఆయన పనిచేసిన హైస్కూల్లోనే డ్రాయింగు మాస్టారిని. ఆయన రిటైరయ్యేదాకా ఆరేళ్లు కలిసి పనిచేశాం. సంతాప సభ పెడితే ఆయన గురించి మంచి మాటలు చెప్పడానికి కొందరైనా ఉంటారు. వాళ్లెవరూ చెప్పలేని మాట ఒకటి నా దగ్గరుంది. ఇన్నేళ్లూ ఊరు ఆయనది అనుకున్న తప్పు ఆయనది కాదు, నాది. ఆయన బతికుండగా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నందుకు ఇందులో గొప్పతనం ఏమీ లేదని చదివేవాళ్లకి ముందే మనవి చేసుకుంటున్నాను.

చూడటానికి ఆయన మామూలు మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. కొత్త సుద్దముక్క తీస్తే రెండుగా విరిచి, పెద్ద ముక్క డబ్బాలో వేసి చిన్న ముక్కతో పాఠం చెప్పేవారు. ఎందుకని అడిగితే, చిన్న ముక్క చేతిలో ఉంటే తక్కువ రాసి ఎక్కువ మాట్లాడతామని అనేవారు. గొంతు పెంచడం ఆయనకి తెలియదు. వెనక బెంచీల్లో అల్లరి మొదలైతే ఆయన ఇంకా మెల్లగా మాట్లాడేవారు. ఏం చెబుతున్నారో వినపడక పిల్లలే ఒకళ్లనొకళ్లు కసురుకుని నోరు మూసుకునేవాళ్లు. ఆ చిట్కా నేను నా క్లాసులో ప్రయోగిస్తే సగంమంది గోడ దూకి వెళ్లిపోయారు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాతకాలపు గ్రీకుల నాటకం. మద్రాసు దాటి ఎరగని మనిషికి అది ఎక్కడ అంటుకుందో చెప్పలేను. ఆయన దగ్గరున్న ఆస్తి ఏదో ఇంగ్లీషు పుస్తకం నుంచి ఊడిపోయిన ఒక్క పేజీ. దాని మీద మసకగా ఒక ఫోటో ఉండేది. కొండవాలులో సగం చుట్టూ తిరిగిన రాతి మెట్లు, ఆ మెట్ల కింద గుండ్రటి నేల. ఆ పేజీని అట్లాసులో దాచుకుని స్టాఫ్‌రూములో ప్రతివాళ్లకీ చూపించేవారు. లెక్కల మాస్టారు దాన్ని చూసి, ఇదేం స్టేడియమని అడిగి, జవాబు వినకుండా టీకి వెళ్లిపోయాడు.

ఏడేళ్ల కిందట, ఎనభైల మొదట్లో, ఊళ్లో మొట్టమొదటి వీడియో వచ్చి జనం టికెట్టు కొని దాని ముందు కూర్చుంటున్న రోజుల్లో, స్కూలు వరండాకి నాపరాళ్లు చూసి రమ్మని హెడ్మాస్టరు మా ఇద్దరినీ క్వారీకి పంపాడు. పాత క్వారీ అంచున పోతుంటే ఆయన సైకిలు దిగి నిలబడిపోయారు. రాయి అయిపోయాక వదిలేసిన గుంత అది. పొరలు పొరలుగా బండ తీసిన చోట దరి మెట్లు మెట్లుగా ఉంది, వంపు తిరిగి. అడుగున చదునైన రాతినేల. ఆయన అట్లాసు తెరవలేదు. నన్ను పై మెట్టు మీద నిలబెట్టి తాను కిందికి దిగారు. నడిమధ్యన నిలబడి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీశారు. ఆ చప్పుడు నా చెవి పక్కనే గీసినట్టు వినిపించింది. "వినపడిందా మాస్టారూ?" అని అడిగారు, క్లాసులో మాట్లాడే గొంతుతోనే. ఆయన బీడీ కాల్చరు, సిగరెట్టు ముట్టరు. ఇలాంటి చోటు ఎక్కడైనా కనపడకపోతుందా అని ఆ అగ్గిపెట్టె నాలుగేళ్లుగా జేబులో వేసుకు తిరుగుతున్నానని తర్వాత చెప్పారు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. రోజూ సాయంత్రం బడి వదలగానే క్వారీ పక్కనున్న టీకొట్టుకి వెళ్లి, పని దిగిన వాళ్ల మధ్య కూర్చుని గ్రీకుల సంగతి చెప్పేవారు. వాళ్లు మనలాగా దీపాల కింద తెల్లవార్లూ ఆడేవాళ్లు కారట. పొద్దున్నే మొదలుపెట్టి ఎండలో ఆడేవాళ్లట. ఊరంతా పనులు మానుకుని వచ్చి కొండవాలు మీద కూర్చునేదట. కింద గుండ్రటి నేలలో పది పదిహేనుమంది బృందం ఒకే గొంతుగా పాడుతూ, అడుగులు వేస్తూ ఊరి తరఫున మాట్లాడేదట. వేషగాళ్లు మాత్రం ముగ్గురే. పాత్రలు ఎన్ని ఉన్నా ఆ ముగ్గురే ముఖానికి తొడుగులు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. ఆడవేషాలు కూడా వాళ్లవే. వెనక ఒక చెక్క ఇల్లు. దేవుడు రావాలంటే మోకుకి కట్టి పైనుంచి దించేవాళ్లు. లోపల చచ్చినవాణ్ణి చూపించాలంటే చక్రాల బల్ల మీద బయటికి తోసేవాళ్లు.

చదువుకున్న మాకు వింతగా తోచిన ఈ సంగతులు క్వారీ వాళ్లకి ఏమాత్రం వింతగా అనిపించలేదు. బండలు లేపే చెయిన్ కప్పీ వాళ్ల దగ్గరుంది, రాళ్లు తోసే ట్రాలీ ఉంది. దేవుణ్ణి కూడా బండని దించినట్టే దించాలన్నమాట అని అంజయ్య అంటే అందరూ నవ్వారు. అంజయ్య ఆరడుగుల మనిషి. అతను దగ్గితే అవతలి గుంతలో వాళ్లు తలెత్తి చూసేవాళ్లు. బృందానికి పెద్ద అతనేనని మాస్టారు ఆ నిమిషమే తేల్చేశారు. పదిహేనుమంది పోగవడానికి పదిరోజులు పట్టలేదు. ముగ్గురు వేషగాళ్లలో ఒకడు సైదులు.

చావుని కళ్లెదుట ఆడకూడదన్నది ఆయన పట్టుదల. గ్రీకులు కూడా చాలామటుకు అంతే, ఎవరైనా చచ్చిపోతే అది చాటున జరుగుతుంది. అక్కడినుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చి జరిగింది జరిగినట్టు చెబుతాడు. చూపిస్తేనే కదా జనానికి దడ పుట్టేది అని నేను వాదించాను. "చూడలేకపోతే కళ్లు మూసుకుంటాం మాస్టారూ. వినలేకపోతే ఏం చేస్తాం?" అన్నారు. ఇంకో మాట కూడా తరచుగా అనేవారు. పగలు ఏడిస్తే పక్కవాడు చూస్తాడు, చూడాలనే వాళ్లు పగలు ఆడారని. ఆ మాటలు అప్పట్లో నాకు బాగా నచ్చాయి. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

నాటకం ఆయనే రాశారు. పద్ధతి గ్రీకులది, కథ మనది. నీళ్లు లేని ఒక ఊరు. కొండ తొలిస్తే అవతల ఊట ఉందని నమ్మి ఒకడు సుత్తి భుజాన వేసుకుని పోతాడు. పోవద్దని ఊరి తరఫున బృందం చెబుతుంది, వినడు. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. కొండ దగ్గరనుంచి కబురు తెచ్చే మనిషి పరుగెత్తుకొస్తాడు. "అమ్మా, కొండ విరిగింది. నీ పెనిమిటి దాని కింద ఉన్నాడు. సుత్తి పిడి ఇంకా వెచ్చగానే ఉంది." ఆ మూడు మాటలతో మొదలై రెండు పేజీలు చెప్పాలి. అది సైదులు పాత్ర. రాజుల కథ ఏదైనా పెట్టుకోకూడదా అని అడిగాను. రాజు చస్తే వీళ్లకేం, వీళ్ల బతుకులోంచి రాస్తేనే వీళ్ల నోటికి పడుతుందని ఆయన అన్నారు. ఆయనదంటూ ఏదైనా తప్పుంటే అది అంతవరకే.

నేను తొడుగులు చేశాను. బంకమట్టి అచ్చు మీద పాత పంచెల గుడ్డ పొరలు పొరలుగా వేసి, చింతపిక్కల జిగురుతో అంటించి, ఎండలో ఆరబెట్టాను. గ్రీకులు కూడా గుడ్డనే గట్టిపరిచి వాడారని ఆయన చెబితే నాకు ఎక్కడలేని గర్వం కలిగింది. పద్దెనిమిది ముఖాలు స్కూలు గోడ మీద వరసగా ఆరుతుంటే రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఆయనేమో ఒక మేకుకి తాడు కట్టి, ఆ రాతినేల మీద సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. వానకి అది పోయింది. మళ్లీ గీశారు, మళ్లీ పోయింది. మూడోసారి అంజయ్య, ఆగండి మేష్టారూ అని ఉలి తీసుకుని, వేలెడు లోతున ఆ గీత మొత్తం బండలో చెక్కాడు. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు రోజులూ మాస్టారు అతని వెనకే గొంతుకూర్చుని రాతిపొడి ఊదుతూ తిరిగారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను మరెప్పుడూ చూడలేదు.

అభ్యాసాలు పని దిగాక, పొద్దు ఉండగానే జరిగేవి. పేటలో ఆడవాళ్లు వచ్చి పై మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో గట్టి మనిషి కోటమ్మ, అంజయ్య భార్య. ఎవరు ఎక్కడ తప్పారో ఆవిడకే ముందు తెలిసేది. బృందం అంతా కుదిరింది కానీ సైదులు ఒక్కడూ కుదర్లేదు. చావు కబురు చెప్పమంటే రేషను షాపులో పేర్లు పిలిచినట్టు చెప్పేవాడు. "ఏంది సైదులూ, పోయింది మనిషా మేకపిల్లా?" అని కోటమ్మ పైనుంచి అరిస్తే అందరూ నవ్వేవాళ్లు. అతను సిగ్గుపడి ఇంకా చెడగొట్టేవాడు.

ఒకరోజు తిరిగి వస్తూ అతనికి నేను సలహా ఇచ్చాను. మాస్టారు మాతో లేరు. వేరేవాళ్ల ముందు చెప్పడం వేరు, ఇంటి దగ్గర చెప్పడం వేరు, రోజూ మీ సందులోకి పరుగెత్తుకుంటూ పో, పంపు దగ్గర ఆడవాళ్లుంటారు, వాళ్ల ముందు నిలబడి చెప్పు, కోటమ్మకే చెప్పు, ఆవిడ ఏ రోజు నిజమేనని ఉలిక్కిపడుతుందో ఆ రోజుకి నీకు పాత్ర వచ్చినట్టు అన్నాను. ఈ మాటలు నావి. ఎంత తెలివిగా చెప్పానో అనుకుని ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను. మాస్టారికి ఈ సంగతి తర్వాత తెలిసింది. సైదులు నిజంగానే మెరుగవుతుంటే సంతోషించి ఊరుకున్నారు.

మూడు వారాలు సైదులు ఆ సందులో రోజూ మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఒకసారి, పని దిగాక ఒకసారి పరుగెత్తాడు. పంపు దగ్గర నిలబడి కొండ విరిగిందని చెప్పాడు. ఆడవాళ్లు బిందెలు దించి వినేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు, నవ్వేవాళ్లు. కోటమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు నటించేది. ఇంకో ఎనిమిది రోజుల్లో నాటకం. చుట్టుపక్కల ఊళ్లకి కూడా కబురు పోయింది. రొంపిచెర్ల నుంచి బండ్లు కట్టుకుని వస్తామని ఎవరో అన్నారట.

ఆ రోజు పన్నెండు దాటాక పనిలో ఉన్న క్వారీలో పై దరి విరిగి అంజయ్య మీద పడింది. పక్కనున్నవాళ్లు గడ్డపారలు తీసుకుని బండ లేపడానికి దూకారు. అప్పటికే ప్రాణం లేదు. ఎవరో ఒకరు ఇంటికి పోయి చెప్పాలి. అందరూ సైదులు వైపు చూశారు. చెప్పడం వచ్చినవాడు అతనే కదా. సైదులు పరుగెత్తాడు.

పంపు దగ్గర కోటమ్మ గిన్నెలు తోముతోంది. ఇంకో ముగ్గురు నలుగురు ఉన్నారు. సైదులు వచ్చి రోజూ నిలబడే చోటనే నిలబడ్డాడు. "నాకు నా మాటలు రాలేదయ్యా. నోరు తెరిస్తే అవే వచ్చినయి," అని తర్వాత నాతో చెప్పాడు. అమ్మా, కొండ విరిగింది. నీ పెనిమిటి దాని కింద ఉన్నాడు. కోటమ్మ తల తిప్పి చూసి నవ్వింది. ఇదిగో, ఇయ్యాలొచ్చింది నీకు, చెమట కూడా బాగా పట్టించావు అంది. పక్కనున్నావిడ చప్పట్లు కొట్టింది. సైదులు కాదు కాదని చెయ్యి ఊపి మళ్లీ చెప్పాడు. మళ్లీ అవే మాటలు. వాళ్లు మళ్లీ నవ్వారు. ఒకావిడ సుత్తి మాట మరిచిపోయావని అందించింది కూడా. అప్పుడతను నేల మీద కూలబడ్డాడు. నాటకంలో కబురు తెచ్చినవాడు చివరిదాకా కూర్చోడు. అది కోటమ్మకి తెలుసు. అతను కూర్చోగానే ఆవిడ చేతిలో గిన్నె వదిలేసింది.

మేమిద్దరం సైకిళ్ల మీద వెళ్లేసరికి అంజయ్యని ఇంటి ముందు పడుకోబెట్టారు. కోటమ్మ ఏడవడం లేదు. మాస్టారిని చూసి లేచి నిలబడింది.

"నా మొగుడు పోయాడని చెబితే నేను నవ్వాను మేష్టారూ. రెండుసార్లు నవ్వాను. ఆ నవ్వు నేను యాడ పెట్టుకోవాలి?"

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే నేను ఇవాళ ఇది రాయాల్సిన పని లేదు.

మూడో రోజు హెడ్మాస్టరు గదిలో విచారణ. పేట పెద్దలు ఇద్దరు వచ్చారు. ఆడవాళ్లున్న సందులో చావు మాటలు చెప్పమని ఆ సైదులుకి నేర్పిందెవరని హెడ్మాస్టరు అడిగాడు. గది మూలన గ్లోబు ఉంటే దాన్ని పట్టుకుని నిలబడ్డాను నేను. నా పోస్టు అప్పటికి పర్మనెంటు కాలేదు, మా ఆవిడ నెలలు నిండి వారం కిందటే పుట్టింటికి వెళ్లింది. ఇవి కారణాలని అప్పుడు అనుకున్నాను. మాస్టారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేవాణ్ణేమో. చూడకపోవడమే ఆయన చేసిన సాయం. "నేనే చెప్పానండి," అన్నారు, ఎప్పటిలాగే మెల్లగా. ఆ సాయంత్రమే సైదులు ఇంటికి వెళ్లి, డ్రాయింగు మాస్టారి పేరు ఎత్తవద్దని, చిన్న ఉద్యోగస్తుడని, ఊరు మీద పడితే తట్టుకోలేడని బతిమాలారట. సైదులు ఒట్టేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా.

నాటకం ఆగిపోయింది. ఆయనకి మెమో ఇచ్చారు. హెడ్మాస్టరు కావాల్సిన మనిషి ఆ మెమోతో అక్కడే ఆగిపోయారు. టీకొట్టులో ఆయనకి టీ పోసేవాళ్లు కానీ పలకరించేవాళ్లు కాదు. అట్లాసులో పేజీ ఏమైందో నాకు తెలియదు, మళ్లీ ఎవరికీ చూపించలేదు. తొమ్మిదో తరగతి పుస్తకంలో గ్రీకుల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, ప్రశ్నలు రాయించి, గంట కొట్టకముందే బయటికి వచ్చేసేవారు. చింతపిక్కల జిగురు వాసనకి ఎలుకలు పట్టి, మ్యాపుల గదిలో ఉన్న తొడుగుల్ని ఒక్కొక్కటే కొరికేశాయి. వాటిని బాగుచేద్దామని నేను అనలేదు, పారేద్దామని ఆయన అనలేదు.

ఏటా అంజయ్య పోయిన రోజున ఆయన కోటమ్మ గుమ్మం ముందుకి వెళ్లి నిలబడేవారు. చేతిలో ఏమీ ఉండేది కాదు, ఏమీ అనేవారు కూడా కాదు. ఆవిడ చూసి తలుపు వేసేది. ఆయన కాసేపు నిలబడి వచ్చేసేవారు. రిటైరయ్యాక కూడా మానలేదు.

ఒక్కసారి మాత్రం నేను ధైర్యం చేశాను. గురజాల నుంచి బస్సులో వస్తున్నాం, పక్కపక్క సీట్లు. మాస్టారూ, నేను పోయి ఆవిడకి చెప్పేస్తాను అన్నాను. నా పోస్టు పర్మనెంటయి అప్పటికి మూడేళ్లు. ఆయన ఒప్పుకోలేదు. "చెబితే మీకు తేలిక పడుతుంది మాస్టారూ. ఆమెకి పడదు," అన్నారు. ఆ మాట విని నేను లోపల్లోపల సంతోషించాను. చెప్పనక్కర్లేదని పెద్దమనిషే అన్నాడు కదా అని. ఆయన నన్ను కాపాడుతున్నారో, ఆవిడని కాపాడుతున్నారో, తనకి తాను వేసుకున్న శిక్షని కాపాడుకుంటున్నారో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను, అడగడానికి ఆయన లేరు.

బుధవారం నా దగ్గరనుంచి లేచిన సైదులు నేరుగా కోటమ్మ ఉండే సందుకి వెళ్లాడట. పంపు దగ్గర కూర్చుని చెప్పాడట. ఆవిడ తల కూడా ఎత్తకుండా మళ్లీ చెప్పు అందట. మళ్లీ చెప్పాడు. ఎట్టా పోయాడో మొత్తం చెప్పు అందట. పడక్కుర్చీ, కాఫీ, పాలగిన్నె అన్నీ చెప్పించుకుని వింది. దహనానికి మాత్రం రాలేదు. వచ్చినవాళ్లే తక్కువ. బృందంలో మిగిలిన పద్నాలుగుమందిలో ఆరుగురు వచ్చారు. పాడె మోసింది వాళ్లే. ఎవరూ ఏమీ పాడలేదు.

శుక్రవారం నేను కోటమ్మని వెతుక్కుంటూ పాత క్వారీకి వెళ్లాను. ఆవిడ ఆ పక్కనే కంకర కొడుతుంది, మధ్యాహ్నం అన్నం తినడానికి ఆ పై మెట్ల మీదికి వస్తుంది. అప్పట్లో ఆడవాళ్లు కూర్చున్న చోటే. నేను ఎదురుగా వెళ్లి, బూట్లు విప్పి, నేల మీద కూర్చున్నాను. ఆవిడ ముద్ద ఆపింది. నేను కూర్చోవడం చూసి ఇంకెవరు పోయారోనని భయపడిందని తర్వాత నాకు తట్టింది. ఎవరూ పోలేదమ్మా అని, ఆ రోజు సైదులుతో నేనన్న మాటలన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పాను. హెడ్మాస్టరు గదిలో గ్లోబు సంగతి కూడా చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. తిడుతుందని వెళ్లినవాణ్ణి నేను. సత్తుగిన్నె మీద మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ఏటేటా వచ్చి నిలబడేవాడు. ఆ మొకాన తలుపేశాను. అది మీ మొకాన ఎయ్యాల్సిన తలుపు మేష్టారూ." బుట్ట దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు యాడికి పొయ్యి తియ్యాలి దాన్ని?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. గిన్నె బుట్టలో పెట్టుకుని కంకర దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది. నాకు తేలిక పడలేదు. ఆవిడకి పడలేదని చెప్పనే అక్కర్లేదు. ఆయన బస్సులో అన్నదాంట్లో సగమే నిజమైంది.

నేను అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను. వారం కిందట పడిన వానకి క్వారీ అడుగున నీళ్లు నిలిచి, ఎండకి మళ్లీ ఆరిపోయాయి. బండ అంతా తెల్లగా ఎండిపోయి ఉంది. అంజయ్య చెక్కిన గీతలో మాత్రం ఇంకా వేలెడు నీళ్లున్నాయి. పైనుంచి చూస్తే గుండ్రంగా, ఎక్కడా తెగకుండా మెరుస్తోంది. రెండు పిచికలు వచ్చి దాని అంచున వాలి, నీళ్లు తాగి, ఎగిరిపోయాయి. వాటి ముక్కులు నీటికి తగిలిన చప్పుడు పై మెట్టు మీద నాకు వినపడింది.